సిద్ధపాటు శనివారం

పోయిన వారం మనం ఈరమ్మను గుడి గడప దగ్గర నిలబెట్టి వచ్చాం. లోపల పాట మొదలైంది. ఆమె కాలు మాత్రం గడప దాటనంటోంది. మధ్యలో చేరినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుని లోపలికి పోదాం.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక, గుట్ట వారన ఉన్న గేరి, అంటే చిన్న పేట అది. అందరూ కూలినాలి చేసుకునే క్రైస్తవులు, తమ చర్చిని గుడి అనే అంటారు. ఈరమ్మది పెద్దకడుబూరు. జిన్నింగు మిల్లులో పనిచేసే మద్దయ్యను చేసుకుని ఎమర్జెన్సీ ఎత్తేసిన ఎండాకాలం ఈ గేరికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. ఇంకా ఒడి నిండలేదు. మద్దయ్య మిల్లులో పత్తి బోరేలు మోసే మనిషే కానీ, గుడిలో ప్రార్థనకు నోరు తెరిచాడంటే ముసలమ్మలు కొంగులు తడుపుకోవాల్సిందే. అతని అన్న ఓబన్న ఒక సర్కారు ఆఫీసులో జవాను, సంఘానికి పెద్ద. ఓబన్న భార్య తాయమ్మ.

ఈ ఓబన్న చెప్పిన సాక్ష్యం ఒకటుంది. ఎమర్జెన్సీ రోజుల్లో ఆఫీసువాళ్ళ ఒత్తిడి మీద అతను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. అది అయిన ఏడాదికి పైగా గడిచాక తాయమ్మకు కడుపొచ్చింది, వాగ్దానమ్మ పుట్టింది. "కత్తి కోసిందాన్ని దేవుడు అతికినాడు" అని ఓబన్న గుడిలో నిలబడి చెప్పాడు. ఆ మాట మద్దికెర, తుగ్గలి దాకా పాకింది. సంఘం అతన్ని పెద్దను చేసింది ఆ తర్వాతే.

ఆ సాక్ష్యం అందరికీ తేనె, ఈరమ్మకు ఒక్కదానికే కారం. ఆపరేషన్ అయినవాడికే ఇచ్చిన దేవుడు నీకెందుకివ్వడు అని అడుగుతారు కదా! జవాబు రాని ప్రార్థనతో వచ్చే చిక్కే ఇది. ఎందుకు రాలేదని దేవుణ్ణి నిలదీసే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని అడిగినవాళ్ళనే నిలదీస్తారు. మొదట దేవుని సమయం రాలేదన్నారు. తర్వాత విశ్వాసం చాలదన్నారు. ఉపవాసం చాలదన్నారు. శుక్రవారం ఉపవాసానికి బుధవారం కూడా కలిపింది ఈరమ్మ. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి "నీలో లోపమేమీ లేదు, మీ ఆయన్ని తీసుకురా" అంది. దేవుని మీద ఆనుకున్నవాళ్ళకు డాక్టర్లెందుకని మద్దయ్య పోలేదు. చివరికి పోయిన శుక్రవారం తాయమ్మ అనేసింది: "ఈరీ, నీ ఇంట్లో ఏదో దాసిపెట్టిన పాపముంది. అదే అడ్డం. సిద్ధపాటు నాడు లేసి సెప్పేయ్."

ఈరమ్మ దగ్గర దాచిన సంగతి ఒకటి ఉండనే ఉంది. అది చెప్పడానికే ఆమె గడప దాటింది.

సిద్ధపాటు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఆ గేరి గుడికి పాస్టరు అయ్యగారు నెలకొక్క ఆదివారం వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోతారు. దాన్ని బల్ల అంటారు. బల్ల ముందరి శనివారం సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, సంఘమంతా కూడాలి. ఎవరి మీద ఎవరికి కోపముందో వాళ్ళు నడుమకు వచ్చి, చేతిలో చేయి వేసి, "నన్ను క్షమించు" అనాలి. దాచిన తప్పుంటే అందరి ముందర విప్పాలి. అట్లా కడుక్కోనివాళ్ళు బల్ల జోలికి పోకూడదు. కోళ్ళ తగాదాలు, కుళాయి కాడి తిట్లు అన్నీ ఆ పూట తీరిపోతాయి. సోమవారం మళ్ళీ మొదలవుతాయనుకోండి, అది వేరే మాట.

ఆ శనివారం కూడా ముందు అవే అయ్యాయి. కృష్ణప్ప, సోమప్ప గొర్రె సంగతిలో రాజీపడ్డారు. భీమమ్మ తన కోడలి చేయి పట్టుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది. తర్వాత గుడిలో చప్పుడు తగ్గింది. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు కూడా తలలు మెల్లగా ఒక్క దిక్కుకే తిరిగాయి.

ఈరమ్మ లేచింది.

"నేనొకటి సేసినా. మొన్న ఉరుసు టైములో హమీదాబీ అక్కతో దర్గాకు పోతి. బిడ్డ కోసం దారం కట్టించుకొంటి."

రవిక చేయి పైకి జరిపి చూపించింది. దండచేతికి నల్లదారం.

"ఆయక్కను ఎవరూ ఏమనొద్దండి. నా ఏడుపు సూడలేక తోడుకపోయింది. కట్టుకున్నది నేను. దేవుని మీద నమ్మకం లేక కాదు. ఇన్నేండ్లు అడిగి అడిగి నా నోరు ఎండిపాయ. ఎవరన్నా ఒకరు పలికితే సాలనిపించె. అంతే. ఇదే నా పాపం."

హమీదాబీ ఈరమ్మ ఇంటి పక్కామె, గేరిలో సగం మందికి బొడ్డుకోసిన దాయి. ఆమె పేరు వినగానే ఎవరూ నోరెత్తలేదు. తాయమ్మ మాత్రం ఉన్న చోటు నుంచి పరుగున వచ్చి ఈరమ్మను కరుచుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. చెడ్డ మనిషి కాదు తాయమ్మ. అడ్డం దొరికింది, ఇక దారి తెరుచుకుంటుంది అని నిజంగానే నమ్మింది.

"సెప్పినావు సూడు, అంతే సాలు. ఇంగ సూడు నా తల్లీ, వచ్చే కోతల పండగకు నీ సంకలో బిడ్డ ఉంటాది."

ఓబన్న తలెత్తలేదు. సంఘం కట్టుబాటు ఏమిటో అతనే చెప్పాలి. వేరే చోట మొక్కు మొక్కినవాళ్ళకు ఆరు నెలలు బల్ల లేదు. గుడిలో అందరితో కలిసి కూర్చోవడానికీ లేదు, గుమ్మం దగ్గర చెప్పుల పక్కనే కూర్చోవాలి. ఆ ముక్క చెప్పేటప్పుడు ఓబన్న గొంతు గడ్డిపోచంత అయింది. దమ్ము జబ్బు మనిషి కదా, అదే అనుకున్నారు అందరూ.

"మద్దయ్యా," అన్నాడు చివరికి, "నీ భార్య కోసం నువ్వే ప్రార్థన సెయ్యి."

మద్దయ్య లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. అతని వెనకాలే అందరూ మూసుకున్నారు.

"దయగల తండ్రీ," అన్నాడు.

అంతటితో ఆగిపోయింది. జనం కాచుకున్నారు. ఏటి నీళ్ళలా మాటలు పారించేవాడికి ఆ పూట రెండో మాట రాలేదు. ఎవరో దగ్గారు. ఈరమ్మ కళ్ళు తెరిచి చూసింది. మద్దయ్య పెదవులు కదులుతున్నాయి, ముఖమంతా చెమట. ఉన్నట్టుండి అతను వెనక్కు తిరిగి, కూర్చున్నవాళ్ళ నడుమ నుంచి తోసుకుంటూ బయటికి పోయాడు.

"దావ ఇడవండి," అంది ఈరమ్మ, అతని వెనకే పోతూ.

గుడి వెనక గుట్ట మొదట్లో పెద్ద రాతిగుండు ఉంది. మద్దయ్య దానికి ఆనుకుని కూలబడ్డాడు. ఈరమ్మకు మొదట భయమేసింది. తన పాపం విని మొగుడి గుండె పగిలిందనుకుంది, పిచ్చిది.

"తప్పాయప్పా," అంది. "నీకు ముందే సెప్పాల్సింది. నువ్వు అంత నమ్మకంతో అడుగుతాంటే నేను దారం కట్టుకొని తిరిగితి. నీ ప్రార్థన గూడా సెడగొడితి."

"ఈరీ, నువ్వు ఆ మాటనొద్దు."

"అంటే ఏమాయ? ఆర్నెల్లే కదా. గుమ్మం కాడ కూసుంటా. నాకేమీ బాద లేదు. దేవుడు ఇంగన్నా వింటాడు."

"వినడు!" అన్నాడు మద్దయ్య.

ఆ అరుపుకు ఈరమ్మ రెండడుగులు వెనక్కు వేసింది. ఏడేళ్ళ కాపురంలో అతను ఆమె మీద గొంతెత్తింది లేదు.

"దాంట్ల నీదేమీ లేదు. దారంది లేదు. నీ నమ్మకంది లేదు. నాకు పిల్లలు పుట్టరు ఈరీ. ఆపరేషన్ అయింది అన్నకు కాదు. నాకు."

ఈరమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, తను విన్నది తప్పేమోనని అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"సెప్పు," అంది. "మొదట్నుంచి సెప్పు."

మద్దయ్య నేల చూస్తూ చెప్పుకొచ్చాడు.

"ఆ ఏడు అన్న ఆఫీసులో ముగ్గురు పిల్లలుండేవాళ్ళందరూ ఆపరేషన్ చేయించుకోని కాగితం తెమ్మన్న్యారు. లేకుంటే జీతం ఆపుతామన్న్యారు. అన్నకు అప్పటికే దమ్ము. కత్తి పెడితే ఇంగ లేసి రానని భయం. అన్నం తినకుండా ఏడుస్తాండె. మా నాయన పోయినాక నన్ను సాకినోడు ఆయప్ప. నాకా పెండ్లి లేదు, పిల్లల్లేరు. నేను పోతాలేన్నా అంటి. ఆదోనిలో ఎవరన్నా గుర్తుపడ్తారని ఎమ్మిగనూరు క్యాంపుకు బస్సెక్కితిమి. అన్న పేరు సెప్పితి. ముగ్గురు పిల్లలంటి. వాళ్ళు నా మొగం గూడా సూడలేదు. వాళ్ళకు ఆ దినం ఇంతమంది కావాల. వరసలో నిలబెట్టిరి, పండబెట్టిరి. అయిపాయ."

"ఏం పోగొట్టుకుంటాండావో నీకు తెల్దా?"

"తెలుసు. ఇరవయ్యేండ్లోనికి ఎంత తెలుస్తాదో అంతే తెలుసు. ఊరికొచ్చి అన్న మంచం మీద పండుకున్న్యాడు, నేను మిల్లులో బోరేల సందున పండుకొంటి. వదినకు గూడా సెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని గేరి ఇది. బయటపడితే అన్న ఉద్యోగం పోతాది, కేసు పెడతారని భయం."

"మరి నన్నేమిటికి సేసుకొంటివి?"

మద్దయ్య ఉన్నదేదో చెప్పాడు. "వద్దంటే ఎందుకొద్దని అమ్మ అడిగె. ఏం సెప్పాల? అయితాదిలే, తర్వాత సెప్పుకుందాములే అనుకొంటి. నీ మొగం సూసినాక సెప్పబుద్ది కాలేదు. అంతలోనే వదినకు కడుపొచ్చె."

ఆ తర్వాతిది ఈరమ్మకు తెలుసు. అప్పటికి ఆమె కొత్త కోడలు. కుళాయి కాడ ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకోవడం చూసింది. మొగుడికి ఆపరేషన్ అయ్యాక కడుపెట్లా వచ్చిందమ్మా అని. తాయమ్మ రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా బావి దిక్కు పోతుంటే హమీదాబీ పట్టి తెచ్చింది. తను ఏ తప్పూ చేయలేదని తాయమ్మకు తెలుసు, మొగుడికి ఆపరేషన్ అయిందనీ తెలుసు. ఆమెకు ఇక దేవుడు తప్ప ఇంకో లెక్క కుదరలేదు.

"ఆ ఆదివారమే అన్న లేసి సాక్ష్యం సెప్పె," అన్నాడు మద్దయ్య. "ఇంగేం సెయ్యాల? ఆపరేషన్ కాలేదంటే కూడు పాయ. అయిందంటే వదిన పేరు పాయ. దేవుడు సేసినాడంటే రెండూ నిలబడ్తాయి. అన్నకు అంతకు మించి దిక్కు లేదు. నేను ఆ దినం గుడిలోనే ఉన్న్యా. ఆమెన్ అంటి."

గుడిలో పాట అందుకున్నారు. వీళ్ళ కోసం కాచుకుంటూ కాచుకుంటూ విసుగెత్తి పాడుతున్న పాట అది. తాళం కుదరడం లేదు.

ఈరమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. అట్లే తలెత్తి అడిగింది:

"మరి శుక్రవారం శుక్రవారం నా పక్కన మోకాళ్ళేసి ఏడుస్తివే, అదేమి? నాటకమా?"

"కాదు. నీ మీద ఆన, నాటకం కాదు. నీ కంటే ఎక్కువ నేనే అడిగితి ఈరీ. అన్న సెప్పింది అబద్దమే. కానీ దేవుడు నిజంగా అట్ల సెయ్యలేడా? ఒక్కసారి నాకు సేస్తే, అన్న సెప్పిన అబద్దం గూడా నిజమైపోతాదనుకొంటి. అప్పుడు ఎవరికీ ఏమీ సెప్పే పనుండదు. అన్న బతుకుతాడు, వదిన బతుకుతాది, నీకు బిడ్డ ఉంటాది. ఇంతకంటే మంచి ప్రార్థన యాడుంది సెప్పు? ప్రతి వారం ఇదే అడిగితి."

అతను అబద్ధం చెప్పడం లేదు. అది ఈరమ్మకు తెలుస్తూనే ఉంది. అందుకే ఆమెకు మరీ మండింది.

"నువ్వు బిడ్డను అడగలేదప్పా," అంది. "నాకు నిజం సెప్పే పని తప్పించమని అడిగినావు. దేవుడొచ్చి నీ నోటికి బదులు పని సెయ్యాల్నా?"

మద్దయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఏడేండ్లు నేను నా కడుపును తిట్టుకొంటి. పొద్దున లేస్తే తిట్టుకొంటి, పండుకునేటప్పుడు తిట్టుకొంటి. చిన్నప్పుడు మా అవ్వ ఇంట్లో బెల్లం ముక్క దొంగతనంగా తింటి, అది గూడా దేవుని ముందర పెట్టి క్షమించమంటి, ఎక్కడ ఏ పాపం అడ్డం పడిందో తెల్దు కదా అని. మా అమ్మ సావు కాడ ఏమడిగె తెలుసునా? నీకేమిటికి పిల్లల్లేరే అనె. నా పాపమే అమ్మా అంటి. ఆ మాట నమ్మే ఆయమ్మ కండ్లు మూసె. నువ్వు ఆడనే నా పక్కన నిలబడుంటివి. నీ సెయ్యి నా ఈపు మీద ఉండె."

మద్దయ్య ఏడుస్తున్నాడు. గుడిలో ఏడ్చే ఏడుపు కాదది. చప్పుడు లేదు.

"ఇప్పుడు గూడా," అంది ఈరమ్మ, "అంతమంది ముందర నేను రవిక జరిపి సూపిస్తాంటే నువ్వు సూస్తా కూసుంటివి."

"సూడలేకనే బయటికొస్తి."

"బయటికొస్తివి. నోరు తెరవలేదు."

ఆ మాటకు అతను దిగ్గున లేచాడు. "ఇప్పుడే పోయి సెప్తా. అందరి ముందర సెప్తా. ఏమైతే అదైతాది."

"నిలబడు." ఈరమ్మ అతని మోచేయి పట్టుకుంది. "నువ్వు సెప్తే నీ బరువు దిగుతాది. మీ అన్న ఏమంటాడు? తమ్మునికి మతి పోయిందంటే? అందరూ ఆయప్ప మాటే నమ్ముతారు. ఆయప్ప సాక్ష్యం సెప్పిన మనిషి. నువ్వు నిన్నటి దాకా ఆమెన్ అన్న మనిషివి."

ఊరుకుంటే ఏమవుతుందో ఈరమ్మ ఆలోచించింది. ఆర్నెల్లు చెప్పుల పక్కన కూర్చుంటుంది. తర్వాత కూడా బిడ్డ పుట్టడు. అడ్డం దారమొక్కటే కాదని ఇంకో పాపం వెతుకుతారు. ఆమె చచ్చే దాకా వెతుకుతూనే ఉంటారు. నోరు తెరిస్తే? తాయమ్మ బతుకు ఆ ఒక్క అద్భుతం మీద నిలబడి ఉంది. దాన్ని లాగేస్తే ఆమె మళ్ళీ బావి దిక్కు పోదని ఎవరు చెప్పగలరు? తన అవమానం ఒక పక్క, తాయమ్మ ప్రాణం ఒక పక్క.

దేవుడు ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నాడో నన్ను అడగకండి. నేను కథ రాసేదాన్నే కానీ ఆయన తరఫున మాట్లాడేదాన్ని కాను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ సాయంత్రం ఆ గుట్ట కింద ఈరమ్మ ప్రార్థన చేసింది. మోకాళ్ళు వేయలేదు, కళ్ళు మూయలేదు, బిడ్డనడగలేదు. "నాయనా, నా నోట అబద్దం రానీవద్దు. ఆయమ్మను సంపే మాట గూడా రానీవద్దు" అంది. అంతే అంది. కొంగుతో ముఖం తుడుచుకుని గుడి దిక్కు నడిచింది. మద్దయ్య వెనకే వచ్చాడు.

పాట ఆగింది. ఈరమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. కట్టుబాటు మరిచిందేమో అని ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆమె నేరుగా నడుమకు, ఓబన్న కూర్చున్న కుర్చీ ముందరికి వచ్చింది. ఓబన్న ఆమెను చూశాడు, ఆమె వెనక తమ్ముణ్ణి చూశాడు. అతనికి అప్పుడే తెలిసిపోయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

తాయమ్మకు మాత్రం ఏమీ తెలియదు. ఆమె సంతోషంగా లేచి, గోడవారన నిద్రమత్తుగా కూర్చున్న వాగ్దానమ్మను ఎత్తుకొచ్చింది. బిడ్డల్లేని ఆడవాళ్ళ తల మీద ఈ పిల్ల చేయి పెట్టించి ప్రార్థన చేయించుకోవడం ఆ సంఘంలో అలవాటైపోయింది. తుగ్గలి నుంచి కూడా బండి కట్టుకుని వచ్చిన వాళ్ళున్నారు. ఈరమ్మకు ఇదివరకు ఎన్నిసార్లు పెట్టించారో! ఆ ఐదేళ్ళ పిల్లకు అది ఆట. పిన్నమ్మ తల మీద చేయి పెట్టి, పాపిటలో వేలితో గీసి నవ్వింది.

"ఇప్పుడు సెయ్యండి ప్రార్థన," అంది తాయమ్మ అందరి దిక్కూ తిరిగి. "అడ్డం తొలిగిపోయింది. ఈసారి వింటాడు సూడండి."

ఈరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చిన్న చేయి తల మీద వెచ్చగా ఉంది. ఆ పిల్ల అంటే ఆమెకు ప్రాణం. ఈ గేరిలో ఆ పిల్లకు జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తాయమ్మ కంటే తనే ఎక్కువ. ఇందులో ఆ పిల్ల తప్పేముంది?

ఆమె తల కదిలించలేదు. ఓబన్న కళ్ళలోకి చూసింది.

"బావా. సిద్ధపాటులో ఎవరి మీద ఏముందో సెప్పుకోవాల కదా. నాకు నీ మీద ఉంది."

సంఘ పెద్దను నడుమకు పిలవడం ఆ గుడిలో ఇంతవరకు జరగలేదు. అయినా పిలిస్తే రావాల్సిందే, కట్టుబాటు పెద్దకు కూడా ఒకటే.

"సెప్పమ్మా," అన్నాడు ఓబన్న. మాట సగమే బయటికి వచ్చింది.

"నేను సెప్పను. నేను సెప్తే పగ తీర్చుకున్నట్టుంటాది." అంది ఈరమ్మ. "ఈ బిడ్డ సెయ్యి నా తల మీద నుంచి నువ్వే తియ్యి బావా. ఏమిటికి తీస్తాండావో అది గూడా నువ్వే సెప్పు."

ఓబన్నకు దమ్ము అందక ఎదురొమ్ము ఎగసెగసి పడుతోంది. తమ్ముడి దిక్కు చూశాడు. ఎన్నేళ్ళుగానో ఆ చూపుకు మద్దయ్య తల దించుకుంటూ వచ్చాడు. ఈసారి దించుకోలేదు.

ఓబన్న కుర్చీలోంచి లేచాడు. రెండడుగులు వేసి, వంగి, కూతురి చేతిని తన చేతిలోకి తీసుకుని ఈరమ్మ తల మీద నుంచి ఎత్తాడు. ఆ చేతిని వెంటనే వదల్లేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారి ఆ పిల్ల వేళ్ళ మీద పడ్డాయి.

"తాయీ," అన్నాడు భార్య ముఖంలోకి చూడకుండా, "పిల్లను తోడుకోని ఇంటికి పో."

తాయమ్మ మొగుణ్ణి చూసింది. మరిదిని చూసింది. మోకాళ్ళ మీద ఉన్న ఈరమ్మను చూసింది. ఆమె ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియక అట్లే నిలిచిపోయింది.

"ఏమిటికి పోవాల?" అంది. పిల్లను కిందికి దించి, సంఘం నడుమ నేల మీద చతికిలబడింది. "నా బిడ్డ సంగతి నేను లేకుండా మాట్లాడేదేముంది? నేను పోను. ఏమున్న్యా నా ముందరే సెప్పు."